లైకులు లెక్కలోకి రావు

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో ఉన్నవాళ్లకి వినబడుతోందా? సరే, మొదలుపెడతాను.

2013 నవంబర్ 21. ఉక్రెయిన్ రాజధాని కీవ్. యూరోపియన్ యూనియన్‌తో కుదుర్చుకోవాల్సిన ఒప్పందాన్ని ప్రభుత్వం పక్కన పెట్టేసిందని ఆ రోజే బయటికొచ్చింది. సాయంత్రానికి ఫేస్‌బుక్ నిండా కోపం. ఒకరి పోస్టు కింద ఇంకొకరు తిట్టుకుంటున్నారు, బాధపడుతున్నారు, లైకులు కొట్టుకుంటున్నారు. ముస్తఫా నయ్యెం అనే జర్నలిస్టు అప్పుడు ఒక పోస్టు పెట్టాడు. దాని సారాంశం ఇది: ఇక మాటలు చాలు. ఈ రాత్రి 12 లోపల మైదాన్‌కి, అంటే నగరం మధ్యలోని పెద్ద చౌక్‌కి, రావడానికి ఎవరు సిద్ధంగా ఉన్నారు? లైకులు లెక్కలోకి రావు. 'నేను సిద్ధం' అని కింద రాసినవాళ్లనే లెక్కపెడతాను. 1,000 దాటితే ఏర్పాట్లు చూసుకుందాం.

గంట తిరక్కముందే 600 పైచిలుకు కామెంట్లు. దాంతో రెండో పోస్టు పెట్టాడు. రాత్రి 10:30కి మైదాన్ నడిమధ్య ఉన్న స్మారక స్తంభం దగ్గర కలుద్దాం. వెచ్చటి బట్టలు వేసుకోండి, గొడుగులు తెచ్చుకోండి, టీ, కాఫీ తెచ్చుకోండి, స్నేహితుల్ని వెంటబెట్టుకు రండి. అతను చేరేసరికి అక్కడున్నది 50 మంది. కాసేపటికి 1,000 అయ్యారు. మూడు నెలల తర్వాత అధ్యక్షుడు యానుకోవిచ్ రాజధాని వదిలి పారిపోయాడు. ఈ మధ్యలో దాదాపు 100 మంది నిరసనకారులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ మాట మరిచిపోయి ఈ కథ చెప్పకూడదు.

ఆ రెండు పోస్టుల్నీ నేను చాలాసార్లు చదివాను. వాటిలో ఉపన్యాసం లేదు. సిద్ధాంతం లేదు. ఒక చోటు, ఒక టైము, ఏం తెచ్చుకోవాలో చెప్పే ఒక చిన్న జాబితా. దానికి ముందు ఒక షరతు: లైకు కుదరదు, మాట ఇవ్వాలి. లైకు కొట్టడానికి ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. 'నేను సిద్ధం' అని పేరు కనబడేలా రాస్తే అది పదిమంది ముందు ఇచ్చిన మాట. రాకపోతే మొహం చెల్లదు.

నిరసనకి వెళ్లాలా వద్దా అని ఆలోచించే మనిషి మనసులో ఏం జరుగుతుందో చూడండి. ఆ నిరసన కోరేది న్యాయమైనదేనని అతనికి ముందే తెలుసు. ఆగిపోయేది వేరే చోట. 'వెళ్తే ఎంతమంది ఉంటాం?' 50 మందే ఉంటే లాఠీ దెబ్బలు, కేసులు. 50 వేల మంది ఉంటే లాఠీ ఎత్తే ముందు పోలీసు కూడా ఒకసారి ఆలోచిస్తాడు. కోపం అందరికీ ఉంది, కానీ పక్కింటివాడికీ ఉందో లేదో నాకు తెలియదు. ఉందని తెలిసినా, అతను గడప దాటి వస్తాడో రాడో తెలియదు. అతనికీ నా గురించి ఇదే అనుమానం. ఈ అనుమానం మీదే చాలా ప్రభుత్వాలు ఏళ్ల తరబడి నిశ్చింతగా నడుస్తాయి. సోషల్ మీడియా ఈ అనుమానాన్ని ఒక్క రాత్రిలో తుడిచేయగలదు. దాని అసలు బలం అదేనని నా అభిప్రాయం. అక్కడితో దాని పని చాలావరకు అయిపోతుందని, ఆ తర్వాత బరువంతా మనుషుల మధ్య ఉన్న నమ్మకం మీదే పడుతుందని కూడా అనుకుంటున్నాను. ఈ రోజు నేను చెప్పేదంతా ఈ రెండు మాటల చుట్టూనే తిరుగుతుంది.

ఫోన్లు లేని రోజుల్లో ఈ పని ఎలా జరిగిందో ఒక్కసారి చూద్దాం. 1955 డిసెంబర్ 1, గురువారం. అమెరికాలోని మాంట్‌గోమరీలో రోజా పార్క్స్ అనే నల్లజాతి మహిళ బస్సులో తెల్లవాడికి సీటు ఇవ్వనందుకు అరెస్టయింది. ఆ రాత్రే జో యాన్ రాబిన్సన్ అనే ఇంగ్లీషు టీచరు, తాను పనిచేసే కాలేజీకి వెళ్లి సైక్లోస్టైల్ మెషిన్ ముందు కూర్చుంది. తోడు ఒక సహోద్యోగి, ఇద్దరు విద్యార్థులు. సోమవారం ఎవరూ బస్సెక్కవద్దని రాసిన చిన్న మేటర్‌ని ఒక్కో కాగితం మీద మూడేసి సార్లు అచ్చుకొట్టి, కత్తిరించి, కట్టలు కట్టారు. తెల్లవారేసరికి 50 వేలకు పైగా కరపత్రాలు. పొద్దున్నే స్కూళ్లకి, దుకాణాలకి, ఫ్యాక్టరీలకి చేరిపోయాయి. సోమవారం బస్సులు ఖాళీగా తిరిగాయి. ఆ బహిష్కరణ 381 రోజులు నడిచింది.

ఒక్క రాత్రిలో 50 వేల కాగితాలు ఎలా పంచగలిగారు? ఏ కట్ట ఎవరి చేతికి ఇవ్వాలో రాబిన్సన్‌కి ముందే తెలుసు కాబట్టి. ఆమె నడిపిన మహిళా సంఘం బస్సుల సమస్య మీద 1954లోనే నగర మేయర్‌కి ఉత్తరం రాసింది. పేర్లు, వీధులు, నమ్మదగిన ఇళ్లు అన్నీ ఏళ్ల తరబడి కూడబెట్టుకున్నవే. అందుకే బహిష్కరణ మొదలయ్యాక వేలమందిని పనికి చేర్చే సొంత కార్ల ఏర్పాటు కూడా కొద్ది రోజుల్లోనే నిలబడింది. ఈ రోజు ఆ 50 వేల కాగితాల పని ఒక్క పోస్టుతో అయిపోతుంది. అది గొప్ప సౌకర్యమే, కాదనను. కానీ కాగితాలు పంచడానికి ముందు పట్టిన ఆ ఏళ్లని పోస్టు ఇవ్వలేదు.

ఇప్పుడు ట్యునీషియాకి వద్దాం. 2010 డిసెంబర్ 17న సిదీ బూజీద్ అనే పట్నంలో మొహమ్మద్ బువాజిజీ అనే కుర్రాడు ఒంటికి నిప్పంటించుకున్నాడు. తోపుడుబండి మీద పళ్లు అమ్ముకునేవాడు. అధికారులు బండి సరుకు లాక్కున్నారన్న అవమానం. ఆ మంటల వీడియో ప్రపంచమంతా చూసిందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఆ మధ్యాహ్నం ప్రభుత్వ భవనం ముందు అతని తల్లి, బంధువులు, చుట్టుపక్కల జనం చేసిన నిరసన ఉంది కదా, దాన్ని ఒక బంధువు ఫోన్‌లో తీసి నెట్‌లో పెట్టాడు. అల్ జజీరా టీవీ ఛానెల్ దాన్ని తీసుకుని ప్రసారం చేసింది. అప్పట్లో అక్కడ యూట్యూబ్ మీద నిషేధం ఉండేది, ఫేస్‌బుక్ మీద లేదు. ఆ సందులోంచి వీడియోలు దేశమంతా పాకాయి. నెట్ లేని ఇళ్లలో టీవీ ఉంది. ఫోన్ నుంచి ఫేస్‌బుక్‌కి, ఫేస్‌బుక్ నుంచి టీవీకి, టీవీ నుంచి వీధికి. నాలుగు వారాలకి, 2011 జనవరి 14న, 23 ఏళ్లు పాలించిన అధ్యక్షుడు బెన్ అలీ విమానమెక్కి దేశం వదిలాడు.

దీని పక్కన 2008ని పెట్టి చూడండి. అదే దేశం, గఫ్సా గనుల ప్రాంతం, ఉద్యోగాల కోసం నెలల తరబడి ఆందోళన. అరెస్టులు జరిగాయి, మనుషులు చనిపోయారు. మిగతా దేశానికి పెద్దగా తెలియనే లేదు. పోలీసులు ఆ ప్రాంతాన్ని చుట్టుముట్టి బయటికి మాట పొక్కకుండా చేయగలిగారు. ధైర్యంలో గఫ్సా జనం సిదీ బూజీద్ వాళ్లకి ఏమాత్రం తీసిపోరు. వాళ్లు పడిన బాధ చూసిన కళ్లు తక్కువ, అంతే. ఈ తేడా తలచుకుంటే నాకు మనసు చివుక్కుమంటుంది.

ఈజిప్టు గురించి కొంచెం ఎక్కువ సేపు మాట్లాడాలి, ఎందుకంటే 'ఫేస్‌బుక్ విప్లవం' అన్న మాట ఆ ఉద్యమం గురించి చాలా వినబడింది. 2010 జూన్‌లో అలెగ్జాండ్రియాలో ఖాలిద్ సయీద్ అనే యువకుణ్ణి పోలీసులు కొట్టి చంపారు. చితికిపోయిన అతని మొహం ఫొటో నెట్‌లోకి వచ్చింది. దుబాయ్‌లో గూగుల్ ఉద్యోగి వాయిల్ ఘోనిమ్, తన పేరు చెప్పకుండా, 'మనమంతా ఖాలిద్ సయీద్‌లమే' అనే పేజీ తెరిచాడు. లక్షలమంది చేరారు. అతను వాళ్లని వెంటనే వీధుల్లోకి లాగలేదు. ముందు ఒక చిన్న పని అడిగాడు. నల్ల బట్టలు వేసుకుని సముద్రపు ఒడ్డున, మనిషికీ మనిషికీ ఎడం వదిలి, రోడ్డుకి వీపు పెట్టి, సముద్రం వైపు చూస్తూ ఒక గంట ఊరికే నిలబడాలి. నినాదాలు వద్దు. కావాలంటే పుస్తకం చదువుకోవచ్చు, ఖురానో బైబిలో చదువుకోవచ్చు. ఒడ్డున గాలి పీల్చుకుంటూ పుస్తకం చదివే మనిషిని ఏ చట్టం కింద పట్టుకుంటారు? అలా నిలబడిన మనిషికి ఆ రోజు తెలిసింది ఒక్కటే: కుడివైపు ఒకరున్నారు, ఎడమవైపు ఒకరున్నారు, ఆ వరస కనుచూపు మేర సాగింది. స్క్రీన్ మీద చూసిన అంకె కళ్లముందు మనుషులై నిలబడింది. భయం మెట్టు మెట్టుగా దిగింది.

2011 జనవరి 25 దగ్గరికి వచ్చేసరికి ఇంకో సంగతి ఉంది. నిర్వాహకులు కైరోలో 20 చోట్ల గుమిగూడాలని నెట్‌లో ప్రకటించారు. పోలీసులు కూడా అవి చదివి, ఆ 20 చోట్లా మోహరించారు. 21వ చోటు ఎక్కడా రాయలేదు. బూలాక్ అల్ దక్రూర్ అనే పేదల పేటలో, ఇరుకు సందుల మధ్య. ఆ సంగతి కొద్దిమందికే నోటి మాటగా తెలుసు. పోలీసులు లేని ఆ ఒక్క చోటే గుంపు కూడుకుంది, సందుల్లో నడుస్తూ ఇళ్లలోవాళ్లని పిలుచుకుంటూ పెరిగింది, తహ్రీర్ చౌక్ దాకా వెళ్లింది. ఆ రోజుల్లోనే చేతులు మారిన 26 పేజీల ఒక కరపత్రంలో ఏం ధరించాలి, బాష్పవాయువు నుంచి కళ్లెలా కాపాడుకోవాలి అని బొమ్మలేసి చెప్పారు. ఫేస్‌బుక్‌లో, ట్విటర్‌లో పెట్టొద్దు, వాటి మీద నిఘా ఉంది, జిరాక్స్ తీసి పంచండి అని కూడా అందులోనే రాశారు. ఫేస్‌బుక్ విప్లవం అని మనం పేరు పెట్టిన ఉద్యమం, ఏది ఫేస్‌బుక్‌లో పెట్టాలో, ఏది పెట్టకూడదో అంత తెలివిగా ఎంచుకుంది.

జనవరి 27 అర్ధరాత్రి దాటాక ప్రభుత్వం దాదాపు దేశమంతా ఇంటర్నెట్ ఆపేసింది. తెల్లారేసరికి మొబైల్ ఫోన్లు కూడా మూగబోయాయి. పిల్లలు ఎక్కడున్నారో తెలియని తల్లిదండ్రులు బయటికొచ్చారు. ఏం జరుగుతోందో తెలుసుకోవాలనుకున్నవాళ్లు బయటికొచ్చారు. ఇంట్లో కూర్చుని చూసే వీలు పోయింది కాబట్టి ఆ శుక్రవారం వీధులు కిక్కిరిశాయి. ఫిబ్రవరి 11న అధ్యక్షుడు ముబారక్ దిగిపోయాడు.

సరే, జనం వచ్చారు. వచ్చినవాళ్లు ఒక్క మాట మీద కదలాలి కదా? ఇక్కడ 2019 హాంకాంగ్ నిరసనల దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది. అక్కడ మైకు పట్టుకుని 'పదండి' అనే నాయకుడు లేడు, కావాలనే లేకుండా చూసుకున్నారు. టెలిగ్రామ్ గ్రూపుల్లో వేలమంది. ఏ వీధిలో పోలీసులున్నారు, ఏ స్టేషన్ మూసేశారు, ఎక్కడ మంచినీళ్లు అయిపోయాయి అన్నది నిమిషం నిమిషం గ్రూపులో పడేది. ఒక రాత్రి పోలీసు హెడ్‌క్వార్టర్స్ ముందు ఉన్నవాళ్లు 'ఇంటికెళ్దామా, ఇక్కడే ఉందామా' అని గ్రూపులోనే ఓటు పెట్టుకున్నారు. నెట్ అందని గుంపు మధ్యలో చేతి సైగలు వాడారు. రెండు చేతులూ తలమీద కప్పులా పెడితే హెల్మెట్లు కావాలని. ఆ సైగ ఒకరి నుంచి ఒకరికి వీధి చివరిదాకా వెళ్లేది, హెల్మెట్లు చేతులు మారుతూ వెనక్కి వచ్చేవి.

ఒక దృశ్యం చెప్తాను. జూన్‌లో ఒక రాత్రి, నిరసన ముగిశాక, మెట్రో స్టేషన్. అక్కడ దాదాపు అందరి దగ్గరా ఆక్టోపస్ కార్డు ఉంటుంది, గేటుకి తాకిస్తే తలుపు తెరుచుకుంటుంది. ఆ రాత్రి కుర్రాళ్లంతా టికెట్ మెషిన్ల ముందు పొడుగాటి క్యూలు కట్టారు. జేబుల్లో చిల్లర వెతుక్కుంటున్నారు, చిల్లర లేనివాడికి పక్కవాడు ఇస్తున్నాడు. ఎందుకంటే కార్డు తాకిస్తే ఎవరు ఏ టైముకి ఏ స్టేషన్‌లో ఉన్నారో లెక్క నిలిచిపోతుంది. విడిగా కొన్న టికెట్‌కి పేరుండదు. తమ ఫోనూ, తమ కార్డూ తమ మీదే సాక్ష్యం చెప్తాయని 18, 20 ఏళ్ల పిల్లలకి అర్థమైపోయింది. ఆ క్యూ నన్ను చాలా కదిలించింది. ఎవరూ ఆజ్ఞాపించలేదు. ఒకరు చెప్తే పదిమంది విన్నారు.

ఆ భయం ఉత్తది కాదు. 20 వేల మందికి పైగా ఉన్న ఒక టెలిగ్రామ్ గ్రూపు అడ్మిన్‌ని, పెద్ద నిరసనకి ముందు రాత్రే ఇంటికెళ్లి అరెస్టు చేశారు. పోలీసులకి గ్రూపులోకి రావడం ఎంతసేపు? లింకు నొక్కితే వచ్చేస్తారు. పిలుపు ఎంతమందికి అందితే అంత మంచిదని మనం అనుకుంటాం. అందే ప్రతి పిలుపూ ప్రభుత్వానికి కూడా అందుతుంది. 2020 జూన్ 30న చైనా తెచ్చిన జాతీయ భద్రతా చట్టం వచ్చినప్పుడు, హాంకాంగ్‌లో చాలామంది తమ పాత పోస్టులు, ఖాతాలు తామే చెరిపేసుకున్నారు. ఉద్యమం రాసుకున్న చరిత్ర ఉద్యమకారుల చేతులతోనే పోయింది.

అందుకే చెప్తున్నాను, నిరసనలో వీడియో తీసేవాళ్లు దయచేసి వినండి. మీరు షేర్ చేసే వీడియోలో పక్కనున్న అమ్మాయి మొహం కనబడితే, మీకు వచ్చే లైకుల ఖరీదు ఆమె కట్టాల్సి రావచ్చు. మొహాలు బ్లర్ చేయండి. దెబ్బ కొట్టిన చేతిని, తగిలిన దెబ్బని, వీధి పేరుని, టైముని చూపించండి. అసలు ఫైలుని అలాగే దాచండి. వాట్సాప్‌లో పంపితే క్వాలిటీ తగ్గుతుంది, ఎప్పుడు ఎక్కడ తీశారన్న వివరం పోతుంది, రేపు కోర్టులో కావాల్సింది ఆ వివరమే. ఫోన్ వేలిముద్రతో తెరుచుకునేలా పెట్టుకుంటే, మీ వేలు పట్టుకుని తెరిపించడం ఎవరికైనా నిమిషం పని. ఆ రోజుకి పాస్‌కోడ్ పెట్టుకోండి.

ఒక్క వీడియో ఏం చేయగలదో 2020 మే 25న ప్రపంచం చూసింది. మినియాపోలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయాక పోలీసులు ఇచ్చిన మొదటి ప్రకటన, పోలీసులతో వ్యవహారంలో ఉండగా వైద్యపరమైన ఇబ్బంది వచ్చి ఒక వ్యక్తి మరణించాడన్న అర్థంలో ఉంది. అతని మెడ మీద ఒక పోలీసు అధికారి నొక్కిపెట్టిన మోకాలి ఊసే లేదు. డార్నెల్లా ఫ్రేజర్ అనే 17 ఏళ్ల అమ్మాయి ఫోన్ దించకుండా తీసిన వీడియో లేకపోతే ఆ ప్రకటనే చరిత్రగా నిలిచిపోయేది. ఆమె చెయ్యి వణికి ఉంటుంది, భయపడి ఉంటుంది, అయినా దించలేదు. 2021 ఏప్రిల్‌లో ఆ పోలీసు అధికారి దోషిగా తేలాడు.

ఫ్లాయిడ్ చావు మీద రేగిన ఉద్యమంలోనే ఇంకో సంగతి జరిగింది. 2020 జూన్ 2న, సంఘీభావం అంటూ లక్షలమంది ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక నల్ల చదరం పెట్టారు. మంచి మనసుతోనే పెట్టారు. కానీ చాలామంది కింద బ్లాక్ లైవ్స్ మ్యాటర్, అంటే 'నల్లవాళ్ల ప్రాణాలకీ విలువుంది' అన్న ఉద్యమం హ్యాష్‌ట్యాగ్ కూడా తగిలించారు. వీధుల్లో ఉన్నవాళ్లు ఆ హ్యాష్‌ట్యాగ్‌లోనే ఎక్కడ కలవాలి, గాయపడితే ఎవరికి చెప్పాలి, అరెస్టయినవాళ్ల బెయిలుకి డబ్బు ఎక్కడ కట్టాలి అని వెతుక్కునేవారు. ఆ రోజు వెతికితే కిందికి ఎంత జరిపినా నల్ల చదరాలే. తీసేయండి, దారికి అడ్డొస్తున్నాయి అని ఉద్యమకారులే బతిమాలాల్సి వచ్చింది. హ్యాష్‌ట్యాగ్‌ని చాలామంది జెండా అనుకుంటారు. వీధిలో ఉన్నవాడికి అది నోటీసు బోర్డు. నోటీసు బోర్డు మీద అందరూ వచ్చి రంగు పూస్తే ఏమవుతుందో ఆ రోజు అదే అయింది.

దీనికి పూర్తిగా భిన్నంగా, 2024లో కెన్యా యువత చేసిన పని నాకు చాలా ఇష్టం. పన్నులు పెంచే ఫైనాన్స్ బిల్లు వచ్చింది. చట్టం భాషలో ఉంది, మామూలు మనిషికి కొరుకుడు పడదు. వాళ్లు దాన్ని ముక్కలు చేసి, ఏ పన్ను ఎవరి మీద పడుతుందో టిక్‌టాక్ వీడియోల్లో తమ తమ స్థానిక భాషల్లో విడమర్చి చెప్పారు. ఎక్స్‌లో వేలమంది ఒకేసారి వింటుండగా గంటల తరబడి చర్చలు పెట్టారు. ఎంపీల ఫోన్ నంబర్లు తిప్పి, ఓటు ఎటు వేస్తారో చెప్పమని మెసేజ్‌లు పంపారు. తెలిసి కోపగించుకున్న జనం, తెలియకుండా కోపగించుకున్న జనం ఒకటి కాదు. జూన్ 25న పార్లమెంటు దగ్గర తూటాలు పేలాయి, మనుషులు చనిపోయారు. మర్నాడే, బిల్లు మీద సంతకం పెట్టనని అధ్యక్షుడు రూటో ప్రకటించాడు. ఆ తర్వాతి నెలల్లో నెట్‌లో గట్టిగా మాట్లాడిన కుర్రాళ్లు కొందరు మాయమయ్యారని మానవ హక్కుల సంఘాలు గొంతెత్తాయి.

అబద్ధాల మాట కూడా చెప్పాలి. వేరే దేశపు పాత ఫొటోని నిన్నటిదిగా తిప్పడం మీకందరికీ తెలిసిందే, దాని మీద సమయం పెట్టను. అంతకంటే లోతైన మోసం ఒకటుంది. 2016 మే 21న అమెరికాలోని హ్యూస్టన్‌లో ఒక ఇస్లామిక్ కేంద్రం ముందు రెండు గుంపులు ఎదురెదురుగా నిలబడి అరుచుకున్నాయి. ఒక గుంపుని పిలిచింది ఒక ఫేస్‌బుక్ పేజీ, ఎదుటి గుంపుని పిలిచింది ఇంకో పేజీ. ఆ రెండు పేజీలనీ నడిపింది రష్యాలో ఒకే సంస్థ అని మరుసటి సంవత్సరం అమెరికా సెనేట్ కమిటీ బయటపెట్టింది. వచ్చినవాళ్ల కోపం నిజం. పిలిచినవాడు అబద్ధం. కాబట్టి పిలుపు అందినప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న: ఈ పిలిచినవాణ్ణి నాకు తెలిసిన మనిషి ఎవరైనా ఎరుగుదురా? ఎవరూ ఎరగకపోతే ఆగండి.

నాయకుడు లేకపోవడం గురించి ఇందాక హాంకాంగ్ సందర్భంలో అన్నాను. పట్టుకోవడానికి తలకాయ లేని ఉద్యమాన్ని అణచడం కష్టం. కానీ మాట్లాడటానికి కూడా ఎవరూ ఉండరు. 2018లో ఫ్రాన్స్‌లో డీజిల్ మీద పన్ను పెంపుకి వ్యతిరేకంగా పసుపు జాకెట్ల ఉద్యమం ఫేస్‌బుక్ గ్రూపుల్లోంచి పుట్టి, నవంబర్ 17న దేశమంతా రోడ్లు దిగ్బంధం చేసింది. ప్రధాని చర్చలకి రమ్మన్నాడు. వచ్చినవాళ్లు ఇద్దరు. అందులో ఒకరు, ఈ సమావేశాన్ని లైవ్ ఇవ్వాలని అడిగి, ఒప్పుకోకపోతే లేచి వెళ్లిపోయాడు. అతని ఇబ్బంది నాకు అర్థమవుతుంది. అతన్ని ఎవరూ ఎన్నుకోలేదు, మూసిన తలుపుల వెనక ఏం మాట్లాడినా అమ్ముడుపోయాడంటారు. పదిమంది చేరితే పాము చావదని మన సామెత. ఆ పన్ను పెంపు రద్దయింది, అది చిన్న విజయం కాదు. దాని తర్వాత ఏం కావాలన్నది మాత్రం గ్రూపుకో మాట అయిపోయింది.

2025 సెప్టెంబర్‌లో నేపాల్‌లో ఈ చిక్కుని కొత్త దారిలో విప్పుకోవాలని చూశారు. ప్రభుత్వం 4వ తేదీన ఫేస్‌బుక్, యూట్యూబ్, ఎక్స్‌తో సహా 26 సోషల్ మీడియా వేదికల్ని ఆపేయమంది. అప్పటికే నాయకుల పిల్లల విలాసాల వీడియోలు జనం కడుపు మండిస్తున్నాయి. 8వ తేదీన యువత వీధుల్లోకి వచ్చారు, కాల్పుల్లో ఆ ఒక్కరోజే 19 మంది చనిపోయారు. 9న ప్రధాని ఓలీ రాజీనామా చేశాడు, ఆ రోజే పార్లమెంటు భవనం తగలబడింది. తర్వాత ఎవరు? లక్షమందికి పైగా ఉన్న ఒక డిస్కార్డ్ సర్వర్‌లో, గేమ్‌లు ఆడేవాళ్లు కబుర్లు చెప్పుకునే యాప్‌లో, తాత్కాలిక ప్రధానిగా ఎవరుండాలని చర్చించి ఓట్లు వేశారు. మాజీ ప్రధాన న్యాయమూర్తి సుశీలా కార్కీ పేరు ముందుకొచ్చింది, 12న ఆమె ప్రమాణం చేసింది. నాకిది ఆశ కలిగించింది, భయమూ కలిగించింది. ఆ సర్వర్‌లో ఓటేసినవాడు దేశంలో ఉన్నాడో లేడో ఎవరు చూశారు? ఫోన్ లేని రైతు ఓటు ఎవరు వేశారు? అయినా, మాట్లాడుకుని తేల్చుకోవాలన్న ఆ తపనని నేను తక్కువ చేయలేను.

చివరిగా సూడాన్. 2018 డిసెంబర్‌లో మొదలైన నిరసనల్లో ఫేస్‌బుక్‌ది పెద్ద పాత్ర. డాక్టర్లు, టీచర్లు, లాయర్లు కలిసిన వృత్తి నిపుణుల సంఘం తన పేజీలో వారం వారం కార్యక్రమం ప్రకటించేది. కిందిస్థాయిలో పేట పేటకీ ప్రతిఘటన కమిటీలు ఏర్పడ్డాయి. ఒకరింటి తలుపు ఒకరు తట్టగలిగినంత చిన్నవి. 2019 ఏప్రిల్‌లో అధ్యక్షుడు బషీర్ పదవి కోల్పోయాడు. జూన్ 3న భద్రతా బలగాలు, రాజధాని ఖార్టూమ్‌లో బైఠాయించిన జనం మీద విరుచుకుపడ్డాయి, 100 మందికి పైగా చంపాయి. అదే రోజు ఇంటర్నెట్ తీసేశారు. కొన్ని గంటలు కాదు, ఐదు వారాలు. ఒక లాయరు టెలికాం కంపెనీ మీద కేసు వేసి గెలిచాడు కూడా. కేసు వేసింది అతనొక్కడే కాబట్టి నెట్ అతనొక్కడికే వచ్చింది.

జూన్ 30న పెద్ద ప్రదర్శనకి పిలుపు ఇవ్వాలి, ఫేస్‌బుక్ లేదు. కమిటీల వాళ్లు ఇంటింటికీ తిరిగారు. గోడల మీద రాశారు. కరపత్రాలు పంచారు. మామూలు ఎస్సెమ్మెస్‌లు పంపుకున్నారు. రాత్రిపూట పేటల్లో మీటింగులు పెట్టి నోటితోనే చెప్పారు. ఆ రోజు వీధుల్లోకి వచ్చిన జనాన్ని చూసి, వచ్చినవాళ్లే నమ్మలేకపోయారు. సైన్యం దిగొచ్చి, వారం లోపే అధికారం పంచుకునే ఒప్పందానికి తలూపింది.

ఆ ఒప్పందం నిలవలేదు. 2021లో సైన్యం కుట్రతో అధికారం లాక్కుంది, 2023 ఏప్రిల్‌లో రెండు సాయుధ బలగాల మధ్య యుద్ధం మొదలైంది, ఖార్టూమ్ శిథిలమైంది. మొన్నటి పేట కమిటీల్లో మిగిలినవాళ్లు అత్యవసర సహాయ బృందాలుగా మారారు. బాంబుల మధ్య ఉమ్మడి వంటశాలలు నడుపుతున్నారు, గాయపడినవాళ్లని మోసుకెళ్తున్నారు, ఏ ఇంట్లో పసిపిల్లలున్నారో ఏ ఇంట్లో ముసలివాళ్లున్నారో వాళ్లకి తెలుసు. నెట్ ఉన్నప్పుడు వాట్సాప్‌లో లెక్కలు రాసుకుంటారు. నెట్ లేనప్పుడు అప్పటిలాగే వెళ్లి తలుపు తడతారు.

నేను చెప్పాలనుకున్నది ఇంతే. ఇక మీ ప్రశ్నలు వింటాను.